గొట్టారణ్యం

"బ్రాక్లీ అడవిని మేం కొట్టడం లేదు, బదిలీ చేస్తున్నాం!" అని అడవుల మంత్రి డెస్మండ్ హార్‌గ్రీవ్స్ గారు క్లంగర్‌ఫోర్డ్ ఊరి హాల్లో సెలవిచ్చినప్పుడు, ముందు వరుసలో కూచున్న పార్టీ కౌన్సిలరు పెర్సీ గ్విలియం కళ్ళు చెమర్చాయి. గుమాస్తాలని బదిలీ చేసిన ప్రభుత్వాలున్నాయి, పోలీసులని బదిలీ చేసిన ప్రభుత్వాలున్నాయి. నాలుగొందల ఏళ్ళ ఓక్ చెట్లని బదిలీ చేసే సాహసం ఇంగ్లండులో ఇంతవరకు ఎవరూ చేయలేదు.

వెనక వరుసలో ఉన్న విన్నీ ప్రాసర్ కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమె పబ్బు బ్రాక్లీ అడవి అంచునే ఉంది. పక్క ఓక్ మీద గుడ్లగూబ కూయందే ఆమెకి నిద్ర పట్టదు. పొద్దున్నే ఆ కొమ్మలు కనిపించందే టీ గొంతు దిగదు.

చిక్కల్లా బైపాస్ రోడ్డుతో వచ్చింది. రోడ్డుకి అడవి అడ్డు. అడవి కొట్టడానికి చట్టం అడ్డు. నాటు చెట్లు కొట్టాలంటే ముందు ఇంకోచోట నాటు చెట్లు నాటాలి, అవి వేళ్ళూనాలి. అందుకే ఊరవతల పొలంలో పెర్సీ మూడేళ్ళ కిందటే మొక్కలు నాటించాడు. కుందేళ్ళు కొరక్కుండా ఒక్కో మొక్కకి ఒక్కో ప్లాస్టిక్ గొట్టం తొడిగించాడు. కుందేళ్ళు ఒక్కటీ కొరకలేదు. ఆ విషయంలో పథకం సంపూర్ణ విజయం. కొరకడానికి లోపల ఏమీ లేదన్నది వేరే సంగతి. ఎండలకి మొక్కలు పోయాయి, మొక్కుబడి మిగిలింది.

సభ కాగానే మంత్రిగారు పత్రికలవాళ్ళని వెంటేసుకుని, కొత్త గంబూట్లకి ధర చీటీ ఊగుతుండగా, పొలం తనిఖీకి వెళ్ళారు. పిలవకపోయినా విన్నీ వెంటపడింది.

"ఆహా, ఏం క్రమశిక్షణ! అన్నీ ఒకే ఎత్తు ఎదిగాయి!"

"అవి గొట్టాలండీ మంత్రిగారూ. ఫ్యాక్టరీలోనే అంత ఎదిగి వచ్చాయి. ఓసారి లోపలికి తొంగి చూడండి" అంది విన్నీ.

మంత్రిగారు ఒక కన్ను మూసి చూశారు. "పెర్సీ, ఖాళీగా ఉందేమయ్యా?"

"ఇంగ్లిష్ ఓక్ కదా సర్. బిడియం ఎక్కువ. పరిచయం లేనివాళ్ళ ముందుకి రాదు."

మంత్రిగారు గొట్టంలోకి వంగి "గుడ్ మార్నింగ్" అన్నారు. జవాబు రాలేదు.

"మంచి పెంపకం! పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడదు" అని మెచ్చుకున్నారు.

"వేళ్ళున్న చెట్టు ఒక్కటి చూపించు పెర్సీ, నా వేళ్ళ మీద లెక్కపెడతాను" అంది విన్నీ.

పెర్సీ నలువైపులా చూశాడు. గేటు పక్కన, వరుసలో లేకుండా, గొట్టం లేకుండా, మోకాలెత్తు ఓక్ మొక్క పచ్చగా నిలబడి ఉంది.

"అదిగో సర్!"

"సిగ్గులేదూ? అది నువ్వు నాటింది కాదు, జే పిట్ట నాటింది. బ్రాక్లీలో ఓక్ కాయలేరుకొచ్చి, చలికాలానికని ఇక్కడ పాతిపెట్టి, ఆ సంగతి మర్చిపోయింది. ఎండల్లో నీళ్ళు పోసి బతికించింది నేను."

"పాతిపెట్టి మర్చిపోయిందా?" మంత్రిగారు మురిసిపోయారు. "శంకుస్థాపన చేసి మర్చిపోవడం మా ప్రభుత్వ విధానం. పిట్టలకి కూడా చేరిందన్నమాట! కూలెంత తీసుకుంటుంది?"

"మర్చిపోని కాయలే దాని కూలి." విన్నీకి ఆ క్షణంలో ఉపాయం తట్టింది. "మీకున్న పనిచేసే కాంట్రాక్టరు అదొక్కటే మంత్రిగారూ. దాని గోదాము బ్రాక్లీ అడవి. గోదాము కూల్చేస్తే సరుకెక్కణ్ణుంచి తెస్తుంది?"

విలేకరుల కలాలు కదిలాయి. కెమెరాలు లేచాయి. మంత్రిగారి అంతరాత్మ కెమెరా ఎటు తిరిగితే అటు తిరుగుతుంది.

"ఆ గోదాముకి రోడ్డు వల్ల ఒక్క ఆకు కూడా రాలనివ్వను! రోడ్డు ఇటు మళ్ళిద్దాం, ఈ పొలంలోంచి. ఇక్కడెలాగూ చెట్లు లేవు."

"సర్, ఇందాక అడవిని ఇక్కడికే బదిలీ అన్నారు..." పెర్సీ నీళ్ళు నమిలాడు.

"ఇందాకటి మాట ఇందాకే అయిపోయిందయ్యా."

ఆ సాయంత్రం విన్నీ పబ్బులో అందరికీ సైడర్ ఉచితం. "గొట్టంగాడనుకున్నా గానీ, మనిషి మంచివాడే!" అని గ్లాసెత్తింది. జే పిట్ట పేరున కూడా అందరూ ఓ గుక్క తాగారు.

రెండు వారాల తర్వాత పెర్సీ నవ్వుతూ వచ్చాడు.

"శుభవార్త విన్నీ! రోడ్డు పొలంలోంచే. ఆర్డరొచ్చేసింది."

"చల్లగా ఉండు నాయనా. కూచో, వేడి వేడి ఆపిల్ పై పెడతాను."

"చిన్న మెలిక. నీ పిట్ట మొక్క ఉందే, అది సరిగ్గా రోడ్డు మధ్యలో పడింది. బతికున్న నాటు చెట్టు. చట్టం చట్టమే కదా. దాన్ని కొట్టాలంటే ముందు వెయ్యి నాటాలి."

విన్నీ పళ్ళెం అతని ముందు పెట్టింది. "పాపం... సర్లే, నాటుకోండి. అడవి మిగిలింది, అంతే చాలు."

"నాటడానికి ఓక్‌కి సరిపడే నేల కావాలిగా. నిపుణులు జిల్లా అంతా గాలించి ఒక్క చోటు తేల్చారు. వందల ఏళ్ళుగా ఓక్ పెరిగిన నేలట, బంగారమట."

బయట లారీ ఆగింది. కూలీలు కొత్త గొట్టాలు దింపి అడవి అంచున పేరుస్తున్నారు.

"ఏ నేల పెర్సీ?"

"బ్రాక్లీ." పెర్సీ ఆపిల్ పై ఓ ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కాస్త చెట్లు అడ్డున్నాయి."