రేపు నీళ్ళు రావు

ఆ రోజు ఆమె వేసుకున్న లెక్కలో ఎక్కడా నీళ్ళ ఊసు లేదు. ఎనిమిదింటికి రెండేళ్ళ పాపను అత్తగారికి అప్పగించాలి. తొమ్మిదింటికి కమ్యూనిటీ కాలేజీలో విలేఖరి కోర్సు ఆఖరి క్లాసుకు వెళ్ళాలి. నాలుగింటికి ఆ పేటలో వెలువడే సాయంకాల పత్రిక ఎడిటరు ముందు, తాను రాసిన మూడు నమూనా వార్తలు పెట్టాలి. అక్కడ ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. పెళ్ళితో ఆగిన చదువును పాప పుట్టాక మళ్ళీ అందుకున్న మనిషి ఆమె. ఆ కుర్చీ దక్కకపోతే ఇక ఇంట్లో అందరూ "చాల్లే, సరదా తీరిందిగా" అంటారని ఆమె భయం.

వార్తలు ముందే సిద్ధం చేసుకుంది. కానీ కాగితం నెత్తిన "అభ్యాసం కోసం మాత్రమే" అన్న వరుస చూస్తే ఎందుకో చిన్నతనంగా అనిపించింది. కత్తెర తీసుకుని మూడింటికీ ఆ వరుసను నున్నగా కత్తిరించేసింది. మర్చిపోకుండా ఉండాలని మూడింటినీ ఫ్రిజ్ తలుపుకు అంటించింది. తీరా బయలుదేరేటప్పుడు తన చెప్పు ఒకటి కనిపించలేదు. అది దొరికేసరికి పాప కనిపించలేదు. ఆ హడావిడిలో రెండు కాగితాలే సంచీలో పడ్డాయి.

తలుపు మీద మిగిలినది నీళ్ళ వార్త. రేపు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పేటంతా నీళ్ళు బంద్, పెద్ద గొట్టానికి మరమ్మతు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అంటూ లెక్చరరు నూరిపోసిన ఆరు ప్రశ్నలకూ అందులో జవాబులున్నాయి. "ప్రజలు దయచేసి సహకరించాలి" అని ఒక ఇంజనీరు చేత అనిపించింది కూడా. ఆ ఇంజనీరు ఆమె బుర్రలో తప్ప మరెక్కడా ఉద్యోగం చెయ్యడు.

మధ్యాహ్నం క్లాసు అయ్యాక ఫోను చూస్తే అత్తగారి దగ్గర్నుంచి పదిహేడు కాల్స్. వెంటనే తిరిగి చేసింది.

"అత్తయ్యా, పాపకేమైంది?"

"పాపకేం, నిక్షేపంలా ఉంది. వచ్చేటప్పుడు రెండు పెద్ద బకెట్లు పట్టుకురా, ఇంట్లో గిన్నెలన్నీ నిండిపోయాయి. అయినా ఇంత పెద్ద కబురు నోటితో చెప్పకుండా ఫ్రిజ్‌కి అంటించి పోతావేమే?"

బస్సు దిగి ఇంటిదాకా పరుగే పరుగు.

మెట్ల నిండా బకెట్లు, డబ్బాలు, పసిపిల్లల స్నానాల తొట్లు. మూడో అంతస్తు దర్జీగారు రెండు డబ్బాలు మోసి నడుం పట్టేసి గోడకు చేరగిలబడ్డారు. "నీ పుణ్యమా అని ముందే తెలిసిందమ్మా," అన్నారు మూలుగుతూ. ఆ మూలుగు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. గుమ్మంలో అత్తగారు పాపను చంకనేసుకుని ఇరుగుపొరుగుకు చెబుతున్నారు: "మా కోడలే రాసింది. విలేఖరంటే ఊరికే అయిపోతారా!"

"మా కోడలు" అన్న మాట అంత గర్వంగా ఆ నోట రావడం నాలుగేళ్ళలో ఇదే మొదలు. దాన్ని తన నోటితోనే తుడిచెయ్యాలి.

"అత్తయ్యా, ఒక్కసారి లోపలికి రండి." తలుపు వేసి జరిగింది చెప్పింది.

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. "అయితే ఆ ఇంజనీరు?"

"లేడు."

"మరి దయచేసి సహకరించమన్నాడుగా?"

"నేనే అన్నాను."

"అయ్యో, ఎంత మర్యాదస్థుడో అనుకున్నానే!"

ఆమె మళ్ళీ మెట్ల మీదికి వచ్చి, ఆ వార్త ఉత్తిదేనని చెప్పింది. దర్జీగారు జాలిగా చూశారు. "పైనుంచి ఒత్తిడి వచ్చుంటుంది. పాపం, నోరు నొక్కేశారు."

"ఉత్తిదేంటమ్మా?" అంది ఫోను పిన్ని. పేటలో అందరికీ ఫోన్లు చేసేది గనక ఆవిడకా పేరు. ఫ్రిజ్ మీది కాగితాన్ని ఫోటో తీసి పేటంతా పంపింది కూడా ఆవిడే. "నీళ్ళ ఆఫీసు గుమాస్తాని నేనే అడిగా. బందేనన్నాడు."

గుమాస్తా బాధ గుమాస్తాది. పొద్దుటినుంచి ఆయనకు నలభై ఫోన్లు వచ్చాయి. పైవాళ్ళు ఏదో నిర్ణయించి, ఎప్పటిలాగే తనకు చెప్పలేదనుకున్నాడు. తెలియదంటే పరువు పోతుందని, అడిగినవాళ్ళందరికీ "అవునండీ, కాస్త సహకరించండి" అన్నాడు.

నాలుగింటికి ఆమె వెళ్ళేసరికి ఎడిటరు మొదటి పేజీలో ఆ వార్తే పెట్టి, కింద "అధికారుల ధ్రువీకరణ" అని కూడా వేసి కూర్చున్నాడు.

"నీ కాగితం ఫోటో నాకూ వచ్చిందమ్మా. రాతలో పట్టుంది. సోమవారం నుంచి వచ్చెయ్."

"సరే సార్" అంటే చాలు, కుర్చీ తనదే. ఆ రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"సార్, అది నేను కల్పించింది," అంది. అభ్యాసం సంగతి, కత్తెర సంగతి అంతా చెప్పేసింది.

ఎడిటరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పేటంతా నమ్మేసింది. ఇప్పుడు దీన్ని తీసేసి సవరణ వేస్తే ఎవరు కల్పించారో కూడా వెయ్యాలి. ఆ మనిషినే తెచ్చి ఇక్కడ కూర్చోబెడితే నా పత్రిక ఎవడు నమ్ముతాడు? ఆలోచించుకో."

"మా దర్జీగారికి నడుం పట్టేసింది సార్."

ఆయన ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు. "నువ్వే రాయి. మూడు వరుసలు దాటకూడదు."

అచ్చులో వచ్చిన ఆమె మొదటి రాత అదే. వేలెడు వెడల్పు కూడా లేని కాగితం ముక్క కత్తిరించి ఎంత పోగొట్టుకుందో తలుచుకుంటూ ఇల్లు చేరింది.

పత్రిక చూసి పేటంతా తిట్టుకుంది. తిట్టుకుంటూనే పట్టిన నీళ్ళన్నీ పారబోసింది. మెట్లు కడిగారు, సైకిళ్ళు కడిగారు, దర్జీగారింట్లో కర్టెన్లు కూడా ఉతికారు.

మర్నాడు ఆరింటికి కొళాయి తిప్పితే గాలి వచ్చింది. పేటంతా ఒక్క రోజున పట్టేసరికి పెద్ద ట్యాంకు అడుగంటి, పంపు మోటారు కాలిపోయింది. "నిన్ననే చెప్పాం కదండీ," అన్నాడు గుమాస్తా.

గుమ్మం ముందు జనం. "నీ సవరణ నమ్మే పారబోశాం! ఇప్పుడేం చెయ్యమంటావ్?"

వంటింట్లోకి వెళ్ళి చూస్తే గిన్నెలన్నీ నిండుగా ఉన్నాయి.

"మీరు పారబొయ్యలేదా అత్తయ్యా?"

"రెండోది మరీ మూడు ముక్కలేనే. మొదటిదాన్లో వివరముంది," అన్నారు అత్తగారు, దర్జీగారి కోసం బిందెలోంచి చెంబు ముంచుతూ.

ఆ మెచ్చుకోలుకు ఎంత సిగ్గుపడాలో ఆమెకు తెలియలేదు. పాపను ఎత్తుకుని, చెంబు అందుకుని మెట్లెక్కింది. సోమవారం పత్రికలో ఆ కుర్చీ, నమూనాగా వారఫలాలు రాసిచ్చిన తోటి విద్యార్థినికి దక్కింది.

ఆవిడ రాతకు ఇంతవరకూ ఒక్క సవరణా అవసరం పడలేదు.