ఒక్క పేజీలో సన్మానం

మంత్రిగారు ఎల్లుండి మా దుత్తలూరు వస్తున్నారన్న శుభవార్తను ఉదయగిరి బస్సు మోసుకొచ్చింది. దాంతోపాటే షరతు కూడా దిగింది: సన్మాన పత్రం ఒక్క పేజీకి మించరాదు. మాది అప్పటికే ఏడు పేజీలు.

సన్మాన సంఘం ప్రెసిడెంటు జనార్దనయ్యగారు మహా దూరదర్శి. వెంటనే నన్ను పిలిపించారు.

"ఏందబ్బాయా బి.ఏ., పెళ్లికళ ఇంకా దిగలేదే! దీన్ని సంక్షేపించాల."

సంక్షేపించడమంటే సారం పోకుండా నిడివి తగ్గించడం. కాలేజీలో నాకు అందులో బహుమతి కూడా వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఇంటికి పరుగెత్తాను. నా కొత్త పెళ్లాం దేవకమ్మ ఊరవతల బావి నుంచి అప్పుడే వచ్చి బిందె దించుతోంది. తడిసిన కొంగు చూసి మురిసిపోయాను.

"పత్రం చివర మన వీధికి బావి అడిగినారంట. అది ఉండాదా?"

"నా చేతిలో కలం ఉండగా అదెక్కడికి పోతుంది?"

ముందు పొగిడి, చివర అడగడం పత్రాల ఆచారం. మర్నాడు సంఘం కూర్చుంది. మంత్రిగారి బాల్యం కొట్టేయబోయాను.

"ఆయన పుట్టకుండానే మంత్రయినాడా?" అన్నారు జనార్దనయ్యగారు.

దాతల పేర్ల మీదికి వెళ్లాను. షావుకారు కామయ్య లేచాడు. "పందిరి నాది. నా పేరు కొట్టేసి నా పందిరి కింద కూర్చుంటారా?"

"పోనీ, 'దీనజన మందారం', 'ఆశ్రిత కల్పతరువు' రెండూ ఒకటే కదా?"

"రెండూ ఉండాల. రెండుచోట్లా చప్పట్లకు మనుషుల్ని పెట్టినాం" అన్నారు ప్రెసిడెంటుగారు.

మిగతాది కుదించి, అక్షరాలు చీమలంత చేసి ఇరికిస్తే, చివరికి రెండు వాక్యాలే పేజీ దాటాయి. అవి బావివి.

"నీళ్లు లేవని ఊరందరికీ తెలుసు గదా. తెలిసిందాన్ని మళ్లా రాసేదెందుకు?" అన్నారు జనార్దనయ్యగారు.

సంక్షేప శాస్త్రంలో ఈ వాదనకు జవాబు లేదు. కొట్టేశాను. పేజీ ఎంత ముద్దుగా కుదిరిందో!

సభలో నేనే చదివాను. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

"ఎక్కడికెళ్లినా రోడ్డు కావాలి, బావి కావాలి. ఏమీ అడగని ఊరు ఇదొక్కటే! రేపు ఆత్మకూరు సభలోనూ బావి అడుగుతారట. ఈ బి.ఏ. అబ్బాయి వచ్చి వాళ్లకు ఈ పత్రం చదివి వినిపించాలి. నా జీపులోనే వస్తాడు."

చప్పట్లకు పెట్టనివాళ్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చి ఒక్క మాట వదలకుండా చెప్పాను. దేవకమ్మ అంతా వింది.

"జీపు ఎన్నింటికి?"

"ఎనిమిదికి."

"అట్లయితే రేపు తెల్లారుతూనే లేసి, రెండు బిందెలు నీళ్లు తెచ్చిపెట్టి పోండి."