అద్దె కొంపలో ఉండని వెబ్‌సైటు

"బావులు తవ్వించడం పాతకాలపు పని. నేను ప్రజల కోసం వెబ్‌సైటు తవ్విస్తాను" అని నీటి సరఫరా మంత్రిగారు సభలో ప్రకటించారు. నీళ్లు రానివాళ్లు అందులో ఫిర్యాదు రాయొచ్చు. అది తిన్నగా మంత్రిగారి బల్ల మీదికే వస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడితే సభ తొందరగా ముగుస్తుందని ఎండలో నిలబడ్డవాళ్లకు తెలుసు.

అందరికంటే గట్టిగా కొట్టినవాడు మంత్రిగారి పీఏ. అది ఒక్క ఉద్యోగధర్మమే కాదు. వేసవి మొదలైన దగ్గర్నుంచి అతని ఇంట్లో కుళాయి దగ్గుతోందే గాని నీళ్లు కక్కడం లేదు. నీళ్ల మంత్రి పీఏ ఇంటికే నీళ్లు లేవంటే పరువు పోతుంది. ఆ పరువును అతని భార్య రోజూ పక్క వీధి నుంచి బిందెలతో మోసుకొస్తోంది.

"సైటు తెరవగానే మొదటి ఫిర్యాదు నాదే. మీ పేరు రాయన్లెండి" అందామె.

మర్నాడు ఆఫీసుకు ఒక హోస్టింగ్ కంపెనీ అమ్మాయి వచ్చింది. వెబ్‌సైట్లను తమ యంత్రాల్లో ఉంచి లోకానికి చూపించడం ఆ కంపెనీ పని.

"మొదటి సైటు కదా సార్. చిన్న షేర్డ్ ప్లాన్ చాలు. సాయంత్రానికి తెరిచేస్తాం. వాడేవాళ్లు పెరిగితే అప్పుడు పెద్దదానికి మారొచ్చు."

పీఏకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి సైటు, పొద్దుటికి నీళ్లు.

కానీ మంత్రిగారు తొందరపడే మనిషి కారు. "షేర్డ్ అంటే?"

"ఒకే యంత్రంలో చాలామంది సైట్లు కలిసి ఉంటాయి సార్."

"ఎవరెవరుంటారు?"

"బట్టల కొట్లు, ట్యూషన్ మాస్టార్లు, కుక్కలకు జుట్టు కత్తిరించేవాళ్లు..."

"ప్రతిపక్షం?"

"ఉండొచ్చు సార్. మేం అడగం."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే నేనూ వాడూ ఒకే కొంపలో అద్దెకుండాలి. పొద్దున లేచి బాత్రూం దగ్గర ఎదురుపడాలి. అంతేనా?"

అమ్మాయి పీఏ వైపు చూసింది. పీఏ నీళ్లు నమిలాడు. ఈ మధ్య అతనికి దొరుకుతున్న నీళ్లు అవే.

"పోనీ, యంత్రమంతా మీ ఒక్కరికే ఇస్తాం సార్. మా డేటా సెంటర్లో ఉంటుంది. వేరే ఊళ్లో."

"నా ఓటర్ల కష్టాలు నా నియోజకవర్గం దాటకూడదమ్మా. అవి ఇక్కడే పుట్టాయి, ఇక్కడే ఉండాలి."

"అయితే క్లౌడ్..." అని గొణిగింది అమ్మాయి.

"మేఘమేనా? మేఘాల్ని నమ్ముకునే కదమ్మా ఈ శాఖ ఇలా తగలడింది."

అలా ఆలోచించగలిగిన మంత్రులు అరుదు. సొంత యంత్రాలు, సొంత గది అని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. అమ్మాయి సంచి సర్దుకుంటూ పీఏతో అంది, "సైకిలు నేర్చుకునేవాడికి రైలు కొనిచ్చినట్టుంది సార్."

"పట్టాలు కూడా వేయిస్తారులేమ్మా" అన్నాడు పీఏ.

వేయించారు. పంపుహౌసు పక్కన గది లేచింది. బీరువాలంత యంత్రాలు దిగాయి. తలుపు దగ్గర తుపాకీతో కాపలా నిలబడింది.

"ఏవండీ, సైటు ఏమైంది?" అని భార్య అడిగింది.

"రంగులేస్తున్నారు."

"సైటుకి రంగులేంటి?"

"సైటుక్కాదు. అది ఉండే గదికి."

"దానిదే అదృష్టం" అని ఆమె బిందె చంకనెత్తుకుంది.

చివరికి రిబ్బను తెగింది. అన్నమాట ప్రకారం మొదటి ఫిర్యాదు ఆమెదే. 'మా వీధికి నీళ్లు రావడం లేదు.' మంత్రిగారు దాన్ని మైకులో చదివి వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాల వేళకు సగం ఊరు ఫిర్యాదులు రాసేసింది.

శాఖ ఇంజనీరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "సార్, రాతలెక్కువై యంత్రాలు కాలిపోతున్నాయి. వాటి చుట్టూ చల్లటి నీళ్లు తిరగాలి."

"నీళ్ల శాఖలో నీళ్లకేం లోటయ్యా?"

"ఎవరి వంతు నీళ్లు తిప్పమంటారు సార్?"

మంత్రిగారు న్యాయంగా ఆలోచించారు. "వస్తున్న వీధులకు ఆపితే కొత్త ఫిర్యాదులొస్తాయి. ఫిర్యాదు రాసిన వీధుల వంతే తిప్పు. వాళ్లకెలాగూ అలవాటే."

ఇంజనీరు పనిమంతుడు. కొత్త మోటారు బిగించి, ఏ వీధి వాళ్లు రాస్తే ఆ వీధి వంతు నీళ్లు వాటంతటవే యంత్రాల వైపు మళ్లేలా ఏర్పాటు చేశాడు. రాత ఆగితే ఆ మోటారు ఊపుతోనే నీళ్లు వీధికి పోతాయి.

అప్పటిదాకా దగ్గుతున్న కుళాయి ఆ సాయంత్రం దగ్గడం కూడా మానేసింది. భార్య ఇంకో ఫిర్యాదు రాయబోతుంటే పీఏ ఫోను లాక్కున్నాడు.

"ఇక రాయకు. వీధిలో ఎవర్నీ రాయనివ్వకు. అప్పుడు నీళ్లొస్తాయి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "పెళ్లైన కొత్తలో కూడా మీరు ఇంత ధైర్యంగా అబద్ధం చెప్పలేదు."

అయినా వెళ్లి అందరికీ చెప్పింది. అసలే విసిగిపోయి ఉన్న వీధి రాయడం మానేసింది. మాట పాకి మిగతా వీధులూ మానేశాయి. యంత్రాలు చల్లబడ్డాయి. పొద్దున్నే ఆమె బిందె పెడితే, కుళాయిలోంచి సన్నగా ధార పడింది. ఆమె ఆ ధార కింద చెయ్యి పెట్టి నిలబడింది.

అదే సమయంలో టీవీలో మంత్రిగారు మాట్లాడుతున్నారు. "సైటు పెట్టాం. ఫిర్యాదులు ఆగాయి. నీళ్లొచ్చాయి." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. విలేకరులు తలలూపి రాసుకున్నారు. మంత్రిగారు గొంతు సవరించుకుని, "మేలు పొందినవాళ్లు అదే సైటులో రెండు మంచి మాటలు రాయండి" అని చేతులు జోడించారు.

బిందె సగం నిండింది.

పీఏ కిటికీలోంచి తొంగిచూశాడు. పక్కింటాయన మెట్ల మీద కూచుని ఫోనులో ఏదో ఒద్దికగా రాస్తున్నాడు. ఎదురింటావిడా రాస్తోంది. ఆ పక్కన ముసలాయన కళ్లజోడు తుడుచుకుని ఫోను తీశాడు. చేసిన మేలు మరిచిపోయే వీధి కాదది.

వెనక కుళాయి ఒకసారి దగ్గింది.