బూటులో వెచ్చని గుడ్డు

కింది వాటాలో అద్దెకుంటున్న టైలరమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పైన ఉండే ఓనరమ్మ నిద్ర లేచేలోగా కోడిని పెరటి షెడ్డులోకి చేర్చాలి. కోడి ఈక కనబడినా ఇల్లు ఖాళీ చెయ్యాలన్నది ఓనరమ్మ షరతు. కిందా మీదా పడి ఆ వీధిలో పెంచుకున్న గిరాకీ, ఇల్లు మారితే వెంట రాదు.

అందుకే, గుడ్ల కోసమే అయినా, ఏరికోరి అరవని జాతి పెట్టను తెచ్చింది. కాటుక నలుపు.

"గుడ్డు పెట్టినా ఊరంతా చాటుకోదమ్మా," అన్నాడు కోళ్లాయన. "పొదగడానికి కూర్చోదు. చీకటి మూల దొరికితే చాలు, దాదాపు రోజూ పెడుతుంది. మనుషులంటే మహా ఇష్టం."

ఆ చివరి మాట టైలరమ్మ పట్టించుకోలేదు.

వారం తిరగకముందే ఓనరమ్మ కిందికి దిగింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో, పోయిన భర్త బూటు. అందులో గుడ్డు.

"ముట్టుకుని చూడు."

గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది.

"డాక్టరు వద్దన్నాడని చివరి రోజుల్లో ఆయనకి గుడ్డు పెట్టలేదమ్మా. ఒక్కటంటే ఒక్కటని అడిగేవారు." ఓనరమ్మ గొంతు తగ్గించింది. "తెల్లారేసరికి మెట్ల మీద ఎవరో గోళ్లతో గీరుతున్నారు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు."

నిజం టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఇల్లు గుర్తొచ్చి మింగేసింది.

"నాకూ వినిపించిందండీ," అంది. "దగ్గు కూడా."

మర్నాడు గుడ్డు ఆయన దిండు మీద కనిపించింది. దగ్గుకి తోడు నీడ కూడా కావలసి వచ్చింది. దాన్ని తన భర్త కళ్లారా చూశాడని టైలరమ్మ చెప్పేసింది. వీధిలో వాళ్లు ఆ ఇంటి ముందు నడక వేగం పెంచారు. చివరికి ఓనరమ్మ తేల్చేసింది: "ఇల్లు అమ్మేస్తున్నా. మీరు వేరే చోటు చూసుకోండి."

ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అనుకుని, టైలరమ్మ కోడిని చంకన పెట్టుకుని మెట్లెక్కింది. మబ్బు పట్టి, పై హాలు మసక మసకగా ఉంది.

"దెయ్యం ఇదేనండీ. తప్పు నాదే."

కోడి కిందికి దూకింది. కిక్కురుమనకుండా బూట్ల దగ్గరికి నడిచి, ఎడమ బూటులో కాలు పెట్టి, మెడ వంచి ఒంటి కన్నుతో ఓనరమ్మను చూసింది.

"చూశావా? ఆయనా ముందు ఎడమదే వేసుకునేవారు."

"అండీ, అది కోడి."

"కాదని నేనన్నానా? గుడ్డు లేదన్నప్పుడల్లా అచ్చం ఇలాగే చూసేవారు."

అంతలో ఖాళీగా ఉన్న పక్క గదిలో ఎవరో దగ్గారు. కోడి ఎదుటే ఉంది, నోరు విప్పలేదు. తాను కల్పించిన దగ్గు టైలరమ్మకు వెన్నులో చల్లగా దిగింది. ఓనరమ్మ మాత్రం లేచి, గుడ్డు ఉడకబెట్టడానికి నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

ఇల్లు అమ్మకం ఆగిపోయింది. కోడి పై వాటాలోనే ఉంటోంది. కింది వాటాలో కోళ్లు పెంచకూడదన్న షరతు మాత్రం అలాగే ఉంది.