హిమజ ముఖానికి తాళం

కోనూరులో ఎవరి ముఖమైనా పురపాలక సంఘం వెబ్‌సైట్లో ఫొటోగా భద్రపరిచి ఉంటుంది, మెడ మీద కనిపించేది దాని నకలు మాత్రమే. సర్వరు ఆగిన పూట జనం గొంతులు గుర్తుపట్టి పలకరించుకుంటారు. అలవాటైన సంగతే కాబట్టి ఎవరూ కంగారు పడరు.

కోదండపాణికి మాత్రం కంటి మీద కునుకు లేదు. కూతురు హిమజ కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టింది. ఆ ఫొటోను ఎవడైనా కాపీ కొడితే? పక్కవీధి అమ్మాయి ముఖాన్ని ఎవరో ఎత్తుకెళ్లి సబ్బు ప్రకటనలో పెట్టారు. ఆ పిల్ల గుమ్మం దాటితే చాలు, జనం సబ్బు ధర అడుగుతున్నారు. అమ్మో!

ముందు ఫొటోలో బుగ్గన దిష్టిచుక్క పెట్టించాడు. తర్వాత ఐమూలగా ముద్ర వేయించాడు. హిమజ నుదుటి నుంచి గడ్డం దాకా ‘చెరుకుమిల్లి వారిది’ అని ఇంటిపేరుతో అక్షరాలు తేలాయి. అయినా మనసు కుదుటపడక, పురపాలక కార్యాలయానికి వెళ్లి ఫొటోకు తాళమే వేశాడు. పాస్‌వర్డ్ దగ్గర ఆగాడు. తన నోట్లో నువ్వుగింజ నానదని తనకే తెలుసు. అందుకని కళ్లు గట్టిగా మూసుకుని, వేళ్లు ఎటు పోతే అటు కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి హిమజ మెడ మీద బూడిదరంగు చదరం, దాని మధ్యలో తాళంబొమ్మ. ఆ చదరం కిందనుంచే పిల్ల పెరుగన్నం తింటోంది.

“ఏం చేసొచ్చారండీ? నా బిడ్డ మొహమేది?” అని భార్య అలివేలు బావురుమంది.

కోదండపాణి వెనక్కి పరుగెత్తాడు. కౌంటరులోని గుమాస్తా తలెత్తలేదు.

“ఎవరూ తీయలేరండీ. మీరడిగింది అదేగా?”

“కన్నతండ్రినయ్యా!”

“దొంగలూ అదే చెప్తారండీ. మొహం నిక్షేపంలా ఉంది, సర్వర్లో. మీ అమ్మాయే స్వయంగా వచ్చి మొహం చూపిస్తే, సరిచూసుకుని తాళం తీస్తాం.”

కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. నెల తిరిగేసరికి ఊళ్లో హిమజకు మంచిపేరు వచ్చింది. పిల్లంటే అలా ఉండాలన్నారు. కాలేజీలో సత్ప్రవర్తన బహుమతి కూడా ఇచ్చారు.

ఒకరోజు అద్దం ముందు నిలబడి హిమజ అడిగింది. “నాన్నా, నాకు సొట్ట పడేది ఏ బుగ్గకి?”

కోదండపాణి ఆ బుగ్గలు గుర్తు తెచ్చుకోబోయాడు. ఇన్నేళ్లూ పిల్లనెవరు చూస్తున్నారా అని కాపు కాశాడే గానీ, తాను తేరిపార చూసిందెప్పుడు? అలివేలు వైపు తిరిగాడు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

“ఎటైతేనేంలేమ్మా, భద్రంగా ఉంది,” అన్నాడు.

అంతలో తలుపు చప్పుడైంది. ఎదురింటాయన తన ఇద్దరమ్మాయిలనూ వెంటబెట్టుకుని వచ్చాడు. తాళం వేసేటప్పుడు కళ్లు ఎంత గట్టిగా మూసుకోవాలో కనుక్కోవడానికి.