ఖాళీగా ఉన్న సెషన్

నల్లటి తెర మీద నాలుగు ఆదేశాలు కొట్టి, బ్రాంచి ఆఫీసు నెట్‌వర్క్‌ను కొత్త దారిలోకి మళ్ళించి, తీరిగ్గా టీ తాగాలని ఆ ఉదయం కోడలు అనుకుంది. ఈ పని సాఫీగా జరిగితే టీమ్ మీ చేతికే అని మేనేజర్ మాటిచ్చాడు. ఇంట్లోంచే పని. పక్క కుర్చీలో అత్తగారు, కోడలు లేచి ఎక్కడికైనా వెళ్ళిపోతుందేమోనన్న బెంగతో.

ముందుగా బ్రాంచి రూటర్‌లో, అంటే అక్కడి సందేశాలకు దారి చూపే పెట్టెలో, ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూసింది. రెండు సెషన్లు ఖాళీగా పడి ఉన్నాయి.

"వీళ్ళని బయటికి పంపేస్తే ఓ పనైపోతుంది."

"పాపం, ఏం చేశారని?"

"ఏమీ చెయ్యట్లేదు అత్తయ్యా. ఊరికే ఉన్నారు."

"నేనూ ఊరికేగా ఉన్నాను!" అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒక్కళ్ళనైనా ఉండనీ అమ్మాయ్."

కోడలు నవ్వి, నిన్న తానే, నెట్‌వర్క్‌తో పనిలేని విడి ఫోన్ లైను మీదుగా తెరిచి మరిచిపోయిన సెషన్‌ను వదిలేసి, రెండోదాన్ని సాగనంపింది.

ఆ రెండోది మేనేజర్. బ్రాంచిలో డైరెక్టర్లను కూర్చోబెట్టి, తెర చూపిస్తూ ఉపన్యాసం దంచుతున్నాడు. మాట్లాడటమే తప్ప ఒక్క మీటా నొక్కలేదు కాబట్టి, రూటర్ లెక్కలో పనిలేనివాడు.

వెంటనే ఫోన్. "నన్నెవరో గెంటేశారు! దాడి జరుగుతోంది!"

"సార్, అది నే..."

"డైరెక్టర్ల ముందు గెంటేశారు!"

ఆ కంగారులో కోడలు కొత్త దారి గబగబా కొట్టేసింది. తెర బిగుసుకుపోయింది. బ్రాంచి మొత్తం తెగిపోయింది. దాంతో ఇది దాడేనని మేనేజర్‌కు ఖాయమైపోయింది. అలారం మోగించి, డైరెక్టర్లతో సహా అందరినీ వీధిలోకి తరిమి, తలుపు లాగేశాడు. తాళం దానంతటదే పడింది. తాళంచెవి లోపల మేజా మీద ఉంది.

కోడలు మళ్ళీ మీటల మీద వాలింది. టీమ్ సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఊడేలా ఉంది. సందేశం ఎక్కడిదాకా వెళ్తోందో వెతికే ఆదేశం కొట్టింది. మూడు మజిలీల నుంచి జవాబు వచ్చింది. ఆ తర్వాత వరసగా నక్షత్రం గుర్తులే.

"పట్టపగలు ఆ చుక్కలేంటమ్మా?"

"అక్కణ్ణుంచి జవాబు రావట్లేదని గుర్తు అత్తయ్యా."

"చేరలేదా, చేరి రాలేకపోతున్నారా? మా చెల్లెల్ని ఇలాగే బస్సెక్కించాను. తిరుగు బస్సుందో లేదో ఎవరూ అడగలేదు. ఎన్నాళ్ళు ఏడ్చానో..."

కోడలు కుర్చీలోంచి ఎగిరింది. వెళ్ళే దారి రాసింది. వచ్చే దారి రాయనే లేదు!

రాయాలంటే రూటర్‌లోకి వెళ్ళాలి. ఫోన్ లైను కొత్తగా కలపాలంటే లోపల ఎవరో స్విచ్ వెయ్యాలి, ఆ ఎవరో వీధిలో ఉన్నారు. మరి నిన్నటి సెషన్? దాన్ని పిలిచింది. పలికింది! తిరుగు దారి ఒక్క వరుసలో రాసి ఎంటర్ నొక్కింది. నక్షత్రాలు మాయమై జవాబులు బిలబిలమంటూ వచ్చాయి, మునుపటికన్నా రెట్టింపు వేగంతో. ఆగిపోయిన ఆఫీసు సందేశాలతో వీధిలో అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి.

"చూశారా?" మేనేజర్ డైరెక్టర్లకు చెప్పడం కోడలికి ఫోన్‌లో వినిపించింది. "దాడి జరిగితే ఎంత త్వరగా లేచి నిలబడతామో చూపించాం!"

చప్పట్లు.

"సార్, మిమ్మల్ని గెంటింది నేనే."

"ష్! వింటారు. టీమ్ మీదే, ఫోన్ పెట్టెయ్యండి!"

"టీమ్ వచ్చిందని నువ్వు ఎక్కడికీ వెళ్ళడం లేదు కదా?" అంది అత్తగారు. టీ ఆవిడే పెట్టింది.

అప్పటినుంచి ఆ ఆఫీసులో ఏ మార్పు చేసినా ముందు ఒక సెషన్ తెరిచి ఊరికే ఉంచుతారు. దాని పేరు 'అత్తగారు'; దాన్ని బయటికి పంపే అధికారం మేనేజర్‌కు కూడా లేదు.