వెలగని దీపానికి ధ్రువపత్రం

మానవజాతి కనిపెట్టిన దీపాలన్నిటిలోకీ కారు డాష్‌బోర్డు మీది పసుపు దీపానికే అధికారం ఎక్కువ. మిగతా దీపాలు దారి చూపిస్తాయి. ఇది ఆపేస్తుంది.

అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో ఉండే గిరిజకు ఈ సంగతి 2009 అక్టోబరులో, డ్రైవింగ్ పరీక్ష రోజున తెలిసింది. ఎగ్జామినర్ హాల్వర్సన్ కార్లో కూర్చుని, సీటుబెల్టు లాగబోయి ఆగింది. ఎదురుగా రెండు దీపాలు వెలుగుతున్నాయి. ఒకటి బ్రేకులది, రెండోది చక్రాలు జారకుండా చూసేది.

"హెచ్చరిక దీపం వెలిగే వాహనంలో పరీక్ష పెట్టరాదు. నిబంధన 14-బి," అని ఆవిడ దిగిపోయింది. (14-ఎ ఏమిటో అడిగే ధైర్యం ఇంతవరకు ఎవరూ చేయలేదు.)

సోమవారం నుంచి గిరిజకు కాలేజీ క్లాసులు. అటు బస్సు లేదు. శుక్రవారం ఇంకో పరీక్ష దొరికింది. అందుకని భర్త కృష్ణమోహన్‌తో కారు గ్యారేజీకి తీసుకెళ్లింది. ఆ దీపాలు ఇంజను వేడెక్కితే వెలుగుతాయి, చల్లారితే ఆరిపోతాయి. గ్యారేజీ క్యూలో రెండు గంటలు నిలబడితే చల్లారని ఇంజను లేదు.

"దీపం ఏదండీ?" అన్నాడు సర్వీస్ అడ్వైజర్ బ్రాడ్.

"ఇందాక వెలిగింది. అరగంట డ్రైవ్ చేస్తే మళ్లీ వెలుగుతుంది," అంది గిరిజ.

"మా టెస్ట్ డ్రైవ్ ఆరు నిమిషాలే. వెలగని దీపానికి, లోపం కనిపెట్టే మెషీన్ తగిలించే అధికారం నాకు లేదు."

గిరిజ భర్త వంక చూసింది. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. బ్రాడ్‌ని చూస్తుంటే ఆయనకి సొంత మనిషిని చూసినట్టుంది.

"ప్రాబ్లం రిపీట్ కాకపోతే మేమైనా కంప్లయింట్ టికెట్ క్లోజ్ చేసేస్తాం గిరిజా. ఆయన ప్రాసెస్ కరెక్టే."

"బాగుంది. మీరిద్దరూ కాపురం చేయండి," అని తెలుగులో అని, గిరిజ బ్రాడ్ వైపు తిరిగింది. "అయితే వెలగడం లేదన్న మాటే రాసివ్వండి."

అడిగింది కాగితం కాబట్టి బ్రాడ్ వెంటనే ఇచ్చాడు. 'ఈ వాహనంలో ఏ హెచ్చరిక దీపమూ వెలగడం లేదు.' కింద సంతకం, ముద్ర.

శుక్రవారం లైసెన్సు ఆఫీసు చేరేసరికి రెండు దీపాలూ నిక్షేపంగా వెలుగుతున్నాయి. గిరిజ కాగితం అందించింది. హాల్వర్సన్ కాగితం చూసింది. దీపాలు చూసింది. మళ్లీ కాగితం చూసింది.

"ముద్ర కూడా ఉంది," అని సీటుబెల్టు పెట్టుకుంది. (మామూలుకన్నా కాస్త బిగించే పెట్టుకుంది.)

బ్రేకుల మీద నమ్మకం లేక గిరిజ ప్రతి స్టాప్ దగ్గరా వంద అడుగుల ముందు నుంచే కారు నెమ్మది చేసింది. ఆ జాగ్రత్త హాల్వర్సన్‌కు తెగ నచ్చింది. నూటికి తొంభై ఆరు వేసి పాస్ చేసింది.

తగ్గిన నాలుగు మార్కులకూ ఫారంలో కారణం రాసింది: 'హెచ్చరిక దీపాలు వెలుగుతున్నా అభ్యర్థి పట్టించుకోలేదు.'